తంగేడు బానలో బొంగరం

మొన్న పొద్దున నా మనవరాలికి ఒక అబద్ధం చెప్పాను. చిన్న అబద్ధమే, పొయ్యి పక్కన నిలబడి చెప్పేపాటిది. కానీ అది నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు ఒకసారి, ఇలాగే రంగు కాగుతున్న పాత్ర పక్కన, అదే అబద్ధం ఆడాను.

నాకు షుగర్ ఉందని మా అబ్బాయి తంగేడు పూల టీ పొట్లాలు తెప్పించాడు. రెండు రోజులు తాగి, వగరుగా ఉందని మానేశాను. కాలేజీలో చదివే మా మనవరాలికి ఈమధ్య నూలుతో అల్లికలు అల్లే పిచ్చి పట్టింది. పూల టీతో ఇంట్లోనే నూలుకు రంగు వేసుకోవచ్చని ఫోనులో ఎవరో చూపించారట. నేను వదిలేసిన పొట్లాలన్నీ స్టీలు గిన్నెలో కుమ్మరించి, పటిక వేసి, చిలపగా చుట్టిన తెల్లటి నూలు కట్ట ఒకటి ముంచి, సన్నని సెగ మీద పెట్టింది.

"తాతయ్యా, స్నానం చేసొస్తాను. మధ్యమధ్యలో కొంచెం కలుపుతూ ఉండు" అని వెళ్ళింది.

గిన్నె పక్కన కర్ర పుల్ల పెట్టే వెళ్ళింది. నేను దాన్ని చూడలేదు. చేతికందిన ఇనప అట్లకాడతో కలిపి, దాన్ని గిన్నెలోనే వదిలేసి పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ వచ్చి చూసేసరికి పసుపుపచ్చగా ఉండాల్సిన చిలప సగానికి సగం కాటుక పులుముకున్నట్టుంది. ఏం జరిగిందో ఆ క్షణమే తెలిసింది నాకు. అట్లకాడ తీసి, కడిగి, తుడిచి, మేకుకు తగిలించేశాను.

"ఇదేంటి తాతయ్యా, ఇలా అయిపోయింది?"

"పొట్లంలో పూలు పాతవై ఉంటాయి" అన్నాను.

ఆమె చిలపను వెలుతురులో పట్టుకుని చూసింది. "పూలేం కాదులే. నేనే పటిక ఎక్కువేసుంటాను. కొలత సరిగ్గా చూసుకోలేదు" అంది.

ఆ 'నేనే' అన్న మాట రోజంతా నా చెవిలోనే ఉంది. నేను చేసిన తప్పును తన తప్పనుకున్న మొదటి మనిషి ఈ పిల్ల కాదు.

మాది కోటబొమ్మాళికి దగ్గర్లో ఒక పల్లె. ఇంటికి కొద్దిగా వరి, మెట్టలో పత్తి. మగవాళ్ళు పొలం వెళితే ఇంట్లో రాట్నాలు తిరిగేవి. వసారా అంతా దూది ఎగిరేది, అన్నంలో కూడా పోగులు వచ్చేవి. పత్తిని శుభ్రం చేయడానికి మా వాళ్ళు వాలుగ చేప దవడ వాడేవారు. ఎండబెట్టిన ఆ దవడకు సూదికంటే సన్నని పళ్ళు. దానితో దువ్వితే పత్తిలో చెత్తంతా పోయి, పోగు పట్టు కుచ్చులా వచ్చేది. నేను ఆ దవడను పెదవి మీద పెట్టుకుని మీసం అని తిరిగేవాణ్ణి. ఎంత కడిగినా దానికి చేప వాసన పోదు. సాయంత్రం దాకా పిల్లులు నా వెంట తిరిగేవి.

ఏటా శ్రీరామనవమి కల్యాణానికి స్వామికి పచ్చని బట్ట మా ఇంటి నుంచే వెళ్ళాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ అది మా ఇంటి వాడుక. నూలు మేమే వడకాలి, రంగు మేమే వేయాలి, పొరుగూరి నేతగాడు నేయాలి. ఆ రంగు మా నాయనమ్మది. పసుపు కలిపితే సరిపోదా అని ఎవరైనా అంటే, "పసుపు ఎండకి పారిపోతాది. తంగేడైతే నిలబడతాది" అనేది.

చలి తగ్గే రోజుల్లో మెట్టల మీద తంగేడు విరగబూసేది. తెల్లవారగానే బుట్టలు తీసుకుని వెళ్ళి, మంచు తడి ఆరకముందే కోసుకొచ్చేవాళ్ళం. పెరట్లో మూడు రాళ్ళ మీద పెద్ద మట్టిబాన. ముందు రోజే నూలు కరక్కాయ నీళ్ళలో నాని, పటిక నీళ్ళలో మునిగి, దండెం మీద ఆరుతూ ఉండేది. పూలు మరిగేకొద్దీ ఒక వాసన లేచేది. తడిసిన గడ్డి మీద ఎవరో తేనె ఒలకబోసినట్టు ఉండేది. ఆ వాసన పట్టుకుని పక్కింటి వాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని వచ్చేసేవారు. ఎందుకంటే నూలు వేయకముందు పైపైన తేటగా ఉన్న కషాయం కొంత కొబ్బరిచిప్ప గరిటతో తోడి, ఒక చుక్క తులసి మొదట్లో పోసి, మిగిలినదాంట్లో శొంఠి, బెల్లం కలిపి అందరికీ పోసేవారు. ఎండలు వచ్చేముందు ఒంటికి చలవట. మిగతాది నూలుకి. ఆ రోజు పొద్దున మాకు రోజూ తాగే చోడి అంబలి ఉండేది కాదు, ఈ కషాయమే. మా మనవరాలు దీన్ని హెర్బల్ టీ అంటుంది. మాకది బాన నీళ్ళు.

బాన దగ్గర రెండే కట్టుబాట్లు. ఒకటి, ఇనుము దగ్గరికి రాకూడదు. కలపడానికి వేపకర్ర, తోడడానికి కొబ్బరిచిప్ప. రెండోది, కాకి తాకిన ఆడమనిషి నీడ కూడా పడకూడదు. నెలకోసారి మా అమ్మో, పిన్నో మూడు రోజులు పెరటి పంచలో విడిగా కూర్చునేవారు. ఎందుకని అడిగితే కాకి తాకిందనేవారు. ఏ కాకో పట్టుకుందామని నేను రాళ్ళు ఏరుకుని పెట్టుకున్నాను.

పిన్ని అంటే మా బాబాయి భార్య. నౌపడ వైపు నుంచి వచ్చింది, వాళ్ళ నాన్నది ఉప్పుమళ్ళలో పని. వచ్చినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్ళు ఉంటాయి, నాకు ఎనిమిది. రంగుల సంగతి ఏమీ తెలియదు. మా నాయనమ్మకు చెవుడు. అడిగి నేర్చుకుందామంటే ఇవాళ అడిగినదానికి రేపు జవాబు వచ్చేది. అందుకని పిన్ని అడగడం మానేసి ఆమె చేతులు చూడటం మొదలుపెట్టింది. చెయ్యి ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు పిడికిట్లో నూలు పిండి చూస్తుందో, ఎప్పుడు మంట లాగేస్తుందో అన్నీ చూసి పట్టేసింది. పైగా ఆమెకు ఇంకో విద్య ఉంది. ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుకతో చూసి, "ఇంకా రెండు గుప్పిళ్ళు పూలు పడాల" అనేది. చిన్నప్పటి నుంచి ఉప్పునీళ్ళు రుచి చూసి మడి పండిందో లేదో చెప్పిన నాలుక అది. నాయనమ్మ మొదట నవ్వింది. రెండో ఏడు రంగు చూశాక నవ్వలేదు.

"ఒసే, నాకు అరవైయేళ్ళకి వచ్చింది నీకు రెండేళ్ళకి వచ్చీసింది" అంది అందరి ముందూ. మా నాయనమ్మ ఒక మనిషిని మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే.

మూడో ఏడు. పూలు కోసి సిద్ధంగా ఉన్నా రంగు మొదలుపెట్టలేదు. పిన్ని పెరటి పంచలో ఉంది. గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసుకుంటోంది. పూలు వాడిపోతాయని మా అమ్మ తొందరపెడితే, "సిన్నకోడలు రాకుండా బాన ఎక్కించను" అంది నాయనమ్మ. నాలుగో రోజు తెల్లారి పిన్ని తలంటుకుని వచ్చాకే పొయ్యి వెలిగింది.

ఆ రోజుల్లో నాకొక బొంగరం ఉండేది. కొత్తది, తెల్ల చెక్క. ఊళ్ళో కమ్మరి దానికి లావుపాటి మేకు దిగ్గొట్టి ఇచ్చాడు. మా జట్టులో అందరి బొంగరాలూ అలాంటివే కాబట్టి నాదాన్ని ఎవరూ లెక్కచేయలేదు. పచ్చటి బొంగరం ఊరి మొత్తానికి లేదు. మధ్యాహ్నం చిలపలన్నీ బానలో మునిగి, మంట లాగేసి, ఆడవాళ్ళు భోజనాలు చేసి ఒరిగాక, వెళ్ళి బొంగరాన్ని చిలపల కింద అడుక్కి తోసేశాను. సాయంత్రం వెళ్ళి చేయి పెట్టి తీస్తే పచ్చగా లేదు. నల్లగా, కాలిన కొరకంచులా ఉంది. దాన్ని గడ్డిమేటులో దాచి, చేతులు బూడిదతో తోముకున్నాను.

నాయనమ్మ చిలపలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేస్తోంది. పైన ఉన్నవి బంగారంలా వచ్చాయి. కిందవి తీసేకొద్దీ మచ్చలు. ఒకదాంట్లో చేయంత నల్లటి చార. ఆమె వాసన చూసింది. గోటితో గీకింది.

"ఇనుము తగిలింది" అంది.

అందరినీ పిలిచింది. తను అసలు బాన దగ్గరికే వెళ్ళలేదంది మా అమ్మ. పిన్ని వేపకర్ర ఎత్తి చూపించింది. నాయనమ్మ నా వైపు తిరిగింది.

"ఒరే గుంటడా, నువ్వేటైనా ఎట్టినావా ఇందల?"

ఆమెకు వినపడదు కదా, తల అడ్డంగా ఊపాను. అబద్ధానికి నాకు నోరు కూడా అక్కర్లేకపోయింది.

ఉన్న కట్టుబాట్లు రెండే. ఒకటి కాదంటే రెండోదే. నాయనమ్మ పిన్ని వైపు చూసింది. కోపంగా కాదు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నాకు ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

"మూడ్రోజులూ నిండినాయా? సరిగ్గా సూసుకున్నావా?"

"నిండినాయి అత్తా. గీతలెట్టుకున్నాను" అంది పిన్ని. అని, పెరటి పంచలోకి వెళ్ళి గోడ చూసి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"పోనీలేమ్మా. దేవుడి నూలు కదా. ఇకమీదట పచ్చరంగు బానకాడికి నువ్వు రాకు" అంది నాయనమ్మ.

ఆ మాటతో పిన్ని చేతిలోని వేపకర్ర మా అమ్మ చేతిలోకి వెళ్ళింది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఒక్కసారి గడ్డిమేటు దాకా వెళ్ళి వస్తే చాలు. వెళ్ళలేదు. కాకి తాకితే కూడా రంగు మారుతుందంటున్నారు కదా, నా బొంగరం వల్ల కాదేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పదేళ్ళవాడికి ఆ పాటి తర్కం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అవసరానికి వచ్చేసింది.

ఆ ఏడు స్వామికి పసుపులో ముంచిన బట్టే వెళ్ళింది. తలంబ్రాలు అయ్యేసరికే ఎండకు వెలిసింది.

మచ్చల నూలును పారేయబోతుంటే పిన్ని అడిగి తీసుకుంది. మా నాయనమ్మ ఏం చేసుకుంటావని అడగలేదు. పిన్ని తుమ్మచెక్క కషాయం కాచి, చిలపలు అందులో ముంచి, తీసుకెళ్ళి చెరువు నీళ్ళు వదిలే మదుము దగ్గరి నల్ల బురదలో పాతిపెట్టింది. నేను వెంట వెళ్ళాను. తప్పు చేసినవాడికి ఆ మనిషి వెంట తిరగాలనిపిస్తుంది, అదేమిటో.

"ఏటి పిన్నీ ఇది?"

"మాకాడ వలలకి ఇలాగే సేత్తారు. బెరడు నీళ్ళల ముంచీసి బురదల ఎట్టీస్తారు. మచ్చ పడ్డదాన్ని తెల్లగా సెయ్యలేం గానీ, అంతా ఒక్కలాగ సెయ్యగలం."

రెండు రోజుల తర్వాత ఆ చిలపలు కడిగి ఎత్తితే, వానకు ముందు మబ్బు ఎలా ఉంటుందో ఆ రంగు. ఒక్క మచ్చ లేదు. నేతగాడు దాన్ని చీరగా నేసి, అంచు వదిలేసి ఇచ్చాడు. అది కట్టుకుని పిన్ని నీళ్ళకు వెళితే, నూతి దగ్గర ఆడవాళ్ళు కొంగు పట్టుకుని చూశారు.

"ఏటే ఇది, ఎక్కడ కొన్నావు?"

"కొననేదు. సెడిపోనాది, కట్టుకున్నాను."

"మాకూ అలాగే సెడగొట్టీ తల్లీ" అంది ఒకావిడ.

తర్వాత నాలుగైదు ఊళ్ళ నుంచి నూలు తెచ్చి ఇచ్చేవారు. మబ్బురంగు అంటే మా పిన్నిదే. బురదలో మోకాళ్ళదాకా దిగి, పాట పాడుకుంటూ ఆమె చిలపలు తొక్కుతుంటే చూడటానికి చాలా బాగుండేది. కానీ తంగేడు పూసే రోజుల్లో, పెరట్లో బాన ఎక్కిన పొద్దున, ఆమె వీధి అరుగు మీద కూర్చునేది. బాన నీళ్ళ గ్లాసు నేనే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. తాగి, నాలుకతో పెదవి తుడుచుకుని, "పూలు తక్కువ పడినాయిరా" అనేది. లోపలికి వెళ్ళి ఆ మాట చెప్పేవాణ్ణి కాదు. ఎప్పుడూ ఆమె చెప్పిందే నిజమయ్యేది.

నాయనమ్మ పోయాక రంగూ పోయింది. రాట్నాలు అటకెక్కాయి. మేమంతా తలోచోటికీ వచ్చేశాం. నేను ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు నిజం చెప్పమని చెబుతూ గడిపాను.

మొన్న సాయంత్రం మనవరాల్ని కూర్చోబెట్టి ముందు అట్లకాడ సంగతి చెప్పాను. తర్వాత బొంగరం సంగతి. ఆమె అంతా విని, "ఆవిడకి చెప్పావా?" అంది. లేదన్నాను.

"బతికున్నారు కదా?"

"ఆమదాలవలసలో, కూతురి దగ్గర."

"మరి?"

మర్నాడు ఇద్దరం విజయనగరంలో పాసింజరు ఎక్కాం. పాడైన చిలప, రంగు వేయని తెల్ల చిలప ఒకటి, మిగిలిన టీ పొట్లం మనవరాలి సంచిలో ఉన్నాయి. పిన్ని కూతురు వాళ్ళ ఇల్లు రైలుకట్టకు దగ్గర్లోనే. పిన్ని మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టంతా దూదిలా అయింది, చేతులు మాత్రం అవే.

"ఏట్రా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి? ఈ గుంట నీ మనవరాలేనా? నీ పోలిక రానేదు, బతికిపోనాది."

కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. బొంగరం, గడ్డిమేటు, తల ఊపడం. ఆమె చేతిలో గింజ పట్టుకుని విన్నది. అంతా తెలుసులేరా అంటుందేమోనని నాలో ఏదో మూల ఆశ ఉండింది. అనలేదు.

"బొంగరమా" అంది. గింజను పక్కన పెట్టి, "నాను నా లెక్కే తప్పిందనుకున్నాన్రా" అంది.

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఆ గోడకాడికి ఎన్నిసార్లు ఎల్లి సూసినానో. గీతలు మూడూ ఉండీవి. అయినా నా మీద నాకే నమ్మకం పోనాది. అప్పట్నుంచి అయిదు రోజులు కూకునీదాన్ని. అన్నీ ఆగిపోయీదాకా అయిదే. మా కూతురు పెళ్ళినాడు కూడా లెక్క తేలక పందిరి బయటే నిలబడిపోనాను."

"కాకి తాకినా రంగు మారదు కదా మామ్మా" అంది మా మనవరాలు మెల్లగా.

"ఇప్పుడు సెప్తన్నావు" అంది పిన్ని. నవ్వింది గానీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా వైపు చూసి, "నాకు సెప్తే ఏటి లాభం? మీ నాయనమ్మకి సెప్పు" అని గోడ మీదికి చెయ్యి చూపించింది.

గోడ మీద నాయనమ్మ ఫొటో ఉంది. రంగులద్దిన పాత ఫొటో, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. నేను వెళ్ళి దాని ముందు నిలబడి చేతులు జోడించాను.

"అలా నిలబడితే ఎలాగ? అప్పుడు తలూపినావు. ఇప్పుడు నోటితో సెప్పు."

"నాయనమ్మా, బానలో బొంగరం వేసింది నేనే" అన్నాను.

"గట్టిగా సెప్పు. ఆవిడికి సెవుడు."

ఇల్లంతా వినపడేలా చెప్పాను. వంటింట్లోంచి పిన్ని కూతురు, ఆమె కోడలు బయటికి వచ్చారు. వాళ్ళ ముందు మళ్ళీ చెప్పాను. "చిన్నకోడలి తప్పేం లేదు, నేనే అబద్ధమాడాను" అని చెప్పాను. పిన్ని మంచం మీద నుంచి ఫొటోకేసి చూస్తూ, "విన్నావా అత్తా" అంది.

అప్పుడు మా మనవరాలు సంచిలోంచి టీ పొట్లం తీసింది. పిన్ని వాసన చూసి మొహం చిట్లించింది.

"ఇదేటి, గడ్డి. రైలుకట్టకాడ పూసున్నాది సూడు. ఒరే, నువ్వెల్లి కోసుకురా. ఒక్కడివే."

ఎండలో వెళ్ళి ఒళ్ళో కండువా పట్టుకుని కోశాను. మోకాళ్ళు నొప్పి పెట్టాయి, చేతులు గీరుకున్నాయి. తిరిగి వచ్చేసరికి పెరట్లో మూడు ఇటుకల మీద కొత్త కుండ ఎక్కింది. చిలప పటిక నీళ్ళలో నానుతోంది. పిన్ని పీట మీద కూర్చుని, పూలు గుప్పిళ్ళతో వేసి, మరిగాక ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుకతో చూసింది. మా మనవరాలి చేతిలో ఒక చుక్క వేసి, "సూడు, ఏటి తక్కువైంది?" అని అడిగింది.

నేను దగ్గరికి రాబోయాను.

"ఆగు. జేబులు కాళీ సెయ్యి."

ఇంటి తాళాలు, చిల్లర, కళ్ళజోడు, పెన్ను అన్నీ తీసి అరుగు మీద పెట్టాను. జేబులు బయటికి తిప్పి చూపించాను. నడుముకున్న బెల్టు కూడా తీసేయమంది. తీసేశాను.

"ఇప్పుడు రా" అంది. వేపకర్ర నా చేతికిచ్చి, కుండలోకి చిలప తనే దించింది. తెల్లటి నూలు ఆమె వేళ్ళ మధ్య మెల్లగా పచ్చబడుతోంది. ఆమె చెయ్యి తీసేదాకా కలుపుతూనే ఉన్నాను.